పాత డబ్బు ఎక్కడ ఆగాలి?

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది. తగువు అలమరలో మూడో సొరుగు గురించి. సింగపూరులో హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి సొరుగు విలువ నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక సొరుగు ఖాళీ చేయించడమంటే ఊళ్ళో అర ఎకరం రాయించుకున్నంత పని. మొదటి రెండు సొరుగులూ నా నాణేల ఆల్బమ్‌లు ఎప్పుడో ఆక్రమించాయి. మూడోది కూడా కావాలని నేను, పిల్లాడి క్రేయాన్లు నా నెత్తిన పెట్టుకోనా అని మా ఆవిడ. వాదన కాసేపు సాగాక ఆమె గొంతు తగ్గించి ఒకే ప్రశ్న వేసింది.

“సరే, అసలిది ఎక్కడ ఆగుతుందో చెప్పు. చెబితే సొరుగు నీదే.”

“పురాతన నాణేలు మాత్రమే కదా కొనేది” అన్నాను.

“పురాతనం అంటే ఎప్పటిదాకా?”

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగులో. హద్దుల దగ్గర పొడిచి చూడటం వాళ్ళకి జీతమిచ్చి మరీ నేర్పిస్తారు. నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదేళ్ళుగా నాణేలు పోగేస్తున్నాను, ఎక్సెల్ షీటులో పదహారు కాలమ్‌లతో జాబితా రాసుకుంటున్నాను, కానీ ఆ జాబితాలో ఆఖరి వరస ఏదై ఉండాలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఆలోచనే ఈ టపా. కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి. “గద్యాణం” అని తప్పులేకుండా కొట్టడానికి నాకు ఇప్పటికీ మూడు ప్రయత్నాలు పడుతుంది. లేఖినిలో రెండు వేళ్ళతో సొంతంగా నేర్చుకున్న టైపింగ్ ఇది.

మొదలు ఎలా అయిందో చెబుతాను. సుంగై రోడ్డులో ఒక పాత సామాన్ల సంత ఉండేది. దొంగ బజారు అనేవాళ్ళు. 2017 జూలై 10న దాన్ని మూసేశారు. మూసే ముందు ఒక ఆదివారం ఊరికే చూద్దామని వెళ్ళాను. నేల మీద పరిచిన గుడ్డమీద చెయ్యి తెగిన బొమ్మలు, రిమోట్లు, పాత నోకియాలు, వాటి మధ్య ఒక గిన్నెడు నాణేలు. అందులో ఒకటి రాగిది, “ఇండియా స్ట్రెయిట్స్” అని రాసి ఉంది, 1862. సింగపూరు నాణెం మీద ఇండియా ఏమిటి అనిపించింది. 1867 ఏప్రిల్ దాకా ఈ ఊరి పాలన కలకత్తా నుంచి సాగిందనీ, ఆ సెంట్లు కలకత్తా టంకసాలలోనే అచ్చువేశారనీ నాకు అప్పటిదాకా తెలియదు. అయిదు డాలర్లకి కొన్నాను. అదే గిన్నెలో “చాలా పాతది, కింగ్ కాయిన్” అంటూ అమ్మిన ఇంకొకటి కూడా కొన్నాను. అది కృష్ణదేవరాయల వరహా అని మురిసిపోయాను. ఇంటికొచ్చి తూకం వేస్తే అసలు వరహా ఉండాల్సిన మూడున్నర గ్రాముల లోపు కాదు, ఏడు గ్రాములు! ఇత్తడి. ఇప్పటికీ ఆల్బమ్‌లో మొదటి గడిలో అదే ఉంది, బుద్ధి చెప్పిన గురువు కాబట్టి.

సరే, హద్దు సంగతి. మా ఆఫీసులో ఒక చైనా మూలాల మిత్రుడున్నాడు, ఆయనా సేకరిస్తాడు. సోమవారం లంచ్‌లో అడిగాను, నీ సేకరణ ఎక్కడ ఆగుతుందని. క్షణం కూడా ఆలోచించలేదు. “బెజ్జం ఉన్నంతవరకు” అన్నాడు. గుండ్రటి నాణెం, మధ్యలో నలుచదరపు బెజ్జం. క్రీస్తుపూర్వం చిన్ వంశం నుంచి 1912లో చింగ్ వంశం కూలిపోయేదాకా సుమారు రెండు వేల ఏళ్ళు ఆ రూపం మారలేదు. బెజ్జం పూడిన రోజున ఆయన సేకరణ ముగుస్తుంది. ఎంత సుఖం! ఆ రూపం సింగపూరు మట్టిలోనూ ఉంది. 1822లో జాన్ క్రాఫర్డ్ ఇప్పటి ఫోర్ట్ కానింగ్ గుట్ట మీద తిరిగినప్పుడు అక్కడ దొరికిన సుంగ్ చక్రవర్తుల నాటి చైనా నాణేల గురించి రాసుకున్నాడు. 1984లో అదే గుట్ట మీద తవ్వకాలు మొదలయ్యాయి. రాఫిల్స్ రావడానికి అయిదు వందల ఏళ్ళ ముందే ఇక్కడ పట్నం ఉందని మట్టే చెప్పింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ బెజ్జం నాణేలని ఇంగ్లీషువాళ్ళు “కాష్” అంటారు. మ్యూజియం చీటీల మీదా అదే. ఆ మాట చైనాది కాదు, మనది. కాసు పోర్చుగీసు వాళ్ళ నోట్లో పడి “కాయిషా” అయింది, అక్కణ్ణుంచి ఇంగ్లీషులో కాష్. అంటే సింగపూరులో ఒక చైనా నాణేన్ని చూపించి చైనావాడు కూడా దక్షిణాది మాటే వాడుతున్నాడు. మిత్రుడికి ఇది చెబితే “అయితే సగం సేకరణ నీదంటావా” అన్నాడు.

యూరపు సేకర్తలకీ గీతలున్నాయి. రోమన్ నాణేలు పోగేసేవాళ్ళలో చాలామంది అనస్తాసియస్ చక్రవర్తి 498లో రాగి నాణేలని సంస్కరించిన చోట ఆగుతారు, ఆ తరవాతది బైజాంటిన్ అని ఇంకో అల్మరాలోకి పోతుంది. మరి మన దగ్గర? పాఠ్యపుస్తకంలో ప్రాచీన, మధ్య, ఆధునిక అని మూడు ముక్కలు చదువుకున్నాం. ఆ ముక్కలు నాణేల మీద పెట్టి చూస్తే ఎక్కడా అతకవు.

మొదట నేను అనుకున్న హద్దు క్రీస్తు శకం మూడో శతాబ్దం. శాతవాహనులు పోయారు, వాళ్ళ వెనక విజయపురి ఇక్ష్వాకులు నాగార్జునకొండ దగ్గర చిన్న చిన్న సీసపు నాణేలు వేశారు, వాళ్ళూ పోయారు. అక్కడ గీత గీసేస్తే చాలా శుభ్రంగా ఉంటుంది. పైగా శాతవాహన నాణెం అంటే నాకు పిచ్చి. బంగారం కాదు, నాజూకు కాదు. సీసం, లేకపోతే పోటిన్ అనే రాగి, తగరం, సీసం కలిపిన మిశ్రమం. ఒకవైపు తొండమెత్తిన ఏనుగో సింహమో, మరోవైపు నాలుగు సున్నాలని అడ్డగీతలతో కలిపిన ఉజ్జయిని గుర్తు. చుట్టూ బ్రాహ్మీలో రాజు పేరు, సగం అక్షరాలు బిళ్ళ బయటికి జారిపోయి. అచ్చు బిళ్ళ కన్నా పెద్దది కదా మరి. వెండివి తక్కువ. వాటి మీద రాజు బొమ్మ, ఒక వైపు ప్రాకృతం, మరో వైపు ద్రావిడ భాష. “మకణకు” అని, “పుళుమావికు” అని షష్ఠి బదులు “కు” వాడిన అక్షరాలు. అది తమిళమా, మన దేశి మాటకి పూర్వరూపమా అని పండితులు ఇప్పటికీ తగువు పడుతున్నారు. రెండు వేల ఏళ్ళ కింద నాణెం మీద “కు” కనిపిస్తే తెలుగువాడికి ఒళ్ళు పులకరించకుండా ఎలా ఉంటుంది? యజ్ఞశ్రీ శాతకర్ణి వేసిన ఓడ నాణెం సంగతి సరేసరి. రెండు తెరచాప స్తంభాల ఓడ, కోరమాండల్ తీరంలో దొరుకుతుంది. మలక్కా జలసంధి ఒడ్డున కూర్చుని ఆ ఓడ ఫొటో చూస్తుంటే అది ఇటువైపే వస్తున్నట్టు ఉంటుంది. సముద్రం ఒకటే కదా.

కానీ మూడో శతాబ్దం దగ్గర ఆపడానికి ఒక చిక్కుంది. ఆ తరవాత నాణేలు నిజంగా పలచబడ్డాయి. రామశరణ్ శర్మ దీన్ని పట్టుకునే, వర్తకం చితికిపోయింది, పట్నాలు వాడిపోయాయి, భూమి దానాల మీద నడిచే సమాజం వచ్చింది అని పెద్ద సిద్ధాంతం కట్టాడు. జాన్ డెయెల్ 1990లో ఉత్తరాది నాణేలని లెక్కగట్టి, వెండి తగ్గినంత మాత్రాన నాణెమే లేదనలేం, నాసి లోహపు నాణేలు బోలెడు తిరిగాయి అని ఎదురు చెప్పాడు. మన వైపు చూస్తే విష్ణుకుండినులవి అని చెప్పే సింహం, పూర్ణకుంభం ఉన్న నాణేలు దొరుకుతున్నాయి. వేంగి చాళుక్య వంశానికి మొదటివాడు కుబ్జవిష్ణువర్ధనుడు (624–641) “విషమసిద్ధి” అనే తన బిరుదుతో, సింహం గుర్తుతో వెండి నాణేలు వేశాడు. ఆ తరవాత మూడున్నర శతాబ్దాల పాటు వేంగి నుంచి నాణెం దాదాపు కనిపించదు. నా షీటులో అక్కడ ఖాళీ వరసలు. మొదట వాటిని తీసేద్దామనుకున్నాను. తరవాత ఉంచేశాను. నాణెం లేకపోవడం కూడా ఒక సమాచారమే. డేటాబేసు వాళ్ళు నల్‌కీ సున్నాకీ తేడా ఉందని గొంతు చించుకునేది ఇందుకే.

ఖాళీ వరసల తరవాత ఒక్కసారిగా బంగారం. శక్తివర్మ (సుమారు 1000–1011) “చాళుక్యచంద్ర” అనే బిరుదుతో పలచని పెద్ద బంగారు బిళ్ళలు వేశాడు. మధ్యలో వరాహం, చుట్టూ ఒక్కొక్క అక్షరం విడివిడిగా గుద్దిన ముద్ర. ఇవి ఎక్కడ దొరికాయనుకుంటున్నారు? రాజమండ్రిలో మాత్రమే కాదు. బర్మాలో అరకాను తీరం పక్కనున్న చెడూబా ద్వీపంలో, సయాంలో. గోదావరి ఒడ్డున కొట్టిన బిళ్ళ బంగాళాఖాతం దాటి ఇటు వచ్చింది. ఆ ద్వీపంలో దొరికిన నిధిలోనే అతని తమ్ముడి కొడుకు రాజరాజనరేంద్రుడి నాణేలు కూడా ఉన్నాయి. వాటి మీద వరాహం చుట్టూ “శ్రీ రాజరాజ” అని తెలుగు కన్నడ లిపి అక్షరాలు, పక్కన పాలనా సంవత్సరం. ధవళేశ్వరంలో దొరికిన ఇంకో నిధిలో ఇవీ చోళుల నాణేలూ కలిసి బయటపడ్డాయి. మద్రాసు మ్యూజియం దాని మీద ప్రత్యేకంగా ఒక సంచిక వేసింది.

రాజరాజనరేంద్రుడు అంటే మనకి వేరే పరిచయం అక్కర్లేదు. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజు. 1061లో పోయాడు. మన సాహిత్య చరిత్రలో అక్కడ తలుపు తెరుచుకుంటుంది. నాకు అక్కడ మూసేస్తే బాగుంటుందనిపించింది. తెలుగువాడికి పురాతనం అంటే పుస్తకం లేని కాలం అనుకుంటే, శాసనాలూ నాణేలే చదువుకోవాల్సిన కాలం అనుకుంటే, రాజరాజు నాణెం ఆఖరిది. అది కళ్ళ ముందు పెట్టుకుంటే ఒక చేత్తో నాణెం, మరో చేత్తో ఆదిపర్వం పట్టుకోవచ్చు.

అయితే వెంటనే కాకతీయులు అడ్డం వచ్చారు. వాళ్ళ గద్యాణాల మీద వరాహమే, చుట్టూ విడి అక్షరాలే, “దాయగజకేసరి” అనే బిరుదు. చేసే పద్ధతి వేంగి పద్ధతికి దగ్గరి చుట్టం. 1061 దగ్గర ఆపితే ఈ చుట్టాన్ని గుమ్మం బయట నిలబెట్టినట్టే. నేనేమో కరీంనగర్ వైపు వాణ్ణి. వేంగిని లోపల కూర్చోబెట్టి ఓరుగల్లుని బయట నిలబెడితే మా ఊళ్ళో నన్నేమంటారు!

పోనీ పద్ధతినే హద్దు చేసుకుంటే? సుత్తితో కొట్టిన నాణెం అయితే లోపల, యంత్రంతో అచ్చు వేసింది అయితే బయట. ఇది నా ఇంజనీరింగు బుర్రకి బాగా నచ్చింది. పైగా ఆ మార్పు మన తీరంలోనే జరిగింది. కంపెనీవాళ్ళు ఉత్తర సర్కారుల కోసం 1794లో, మళ్ళీ 1797లో బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బౌల్టన్ సోహో టంకసాలలో ఆవిరి యంత్రాల మీద రాగి నాణేలు కొట్టించి పంపారు. “నలభై ఎనిమిది ఒక రూపాయికి” అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మచిలీపట్నం బజార్లో ఆ అంచు నున్నటి బిళ్ళని మొదటిసారి చేతిలోకి తీసుకున్న షరాబు ఏమనుకున్నాడో! అన్నీ ఒకే తూకం, ఒకే గుండ్రం. అతని కళ్ళకీ, గీటురాయికీ పని లేదు. కానీ ఈ హద్దు కూడా నిలవలేదు. సర్కారుల్లో 1794లో యంత్రం వస్తే, నైజాం టంకసాలలో సుత్తి దెబ్బ ఇరవయ్యో శతాబ్దం గుమ్మం దాకా వినిపించింది. చార్మినారు బొమ్మతో యంత్రపు రూపాయి అప్పుడు గానీ స్థిరపడలేదు. ఒకే భాష మాట్లాడే రెండు ఊళ్ళకి నూరేళ్ళ తేడాతో రెండు హద్దులు. 1890లో హైదరాబాదులో కొట్టిన రూపాయిని పురాతనం అంటే మా ఆవిడ నవ్వదా?

ఇంకో తిరకాసు కూడా చెప్పాలి. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌టెంబిలో పదమూడు వేలకి పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో తొమ్మిది వేలకి పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఓడినవాడి ముఖం మీద గెలిచినవాడి గుర్తు, కింద నుంచి పాత ముక్కు ఇంకా కనబడుతూనే ఉంటుంది. దీన్ని షీటులో ఎవరి వరసలో రాయాలి? కాలానికి గీత గీయడం తరవాత, ఒక్క బిళ్ళలోనే గీత ఎక్కడుందో తేల్చలేకపోతున్నాను.

ఇలా కొట్టుమిట్టాడుతుంటే మా మేనమామ వీడియో కాల్ చేశాడు. ఇక్కడి నుంచి ఈ విషయం సరదా కాకుండా పోయింది.

మా అమ్మ పుట్టిల్లు పెద్దపల్లి వైపు. ఆ చుట్టుపక్కలే పెద్దబంకూరు, ధూళికట్ట ఉన్నాయి. పెద్దబంకూరు తవ్వకాల్లో ఒకే కుండలో ఇరవై వేలకి పైగా శాతవాహన నాణేలు దొరికాయంటే ఆ నేల ఎలాంటిదో ఊహించుకోండి. మామ పత్తి చేనులో గట్టు సరిచేయిస్తుంటే ట్రాక్టరు కింద కుండ పెంకులు, వాటితో పాటు పదకొండు బిళ్ళలు తేలాయి. ఫోను ముందు అరచేతిలో పోసి చూపించాడు. మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం ఏనుగు, స్పష్టంగా.

“గీ సీసం బిళ్ళలు నాకెందుకు అల్లుడా? డిసెంబర్ల వస్తవు గదా, తీస్కపో. ఆడ నీ డబ్బాల వెట్టుకో.”

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్ళుగా లండన్లో, జెనీవాలో ఎవరో అమ్మేవి వేలంలో కొని, ఆ బిళ్ళ ఏ ఊరి మట్టిదో తెలియక, పక్కన “దక్కను” అని రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు మా అమ్మ నడిచిన చేని మట్టి అంటుకున్న నాణేలు, ఊరికే ఇస్తానంటున్నారు. జేబులో వేసుకుంటే విమానాశ్రయంలో ఎవరు చూస్తారు? పదకొండు బిళ్ళలు కలిపి ఒక తాళం గుత్తి బరువు ఉండవు.

చట్టం నాకు తెలుసు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడానికి ప్రైవేటు మనుషులకి వీల్లేదు. నేలలో దొరికినది కలెక్టరుకి తెలియజేయాలని అంతకన్నా పాత చట్టం, 1878 నాటిది, ఉంది. గమనించారా, చట్టం దృష్టిలో హద్దు కదులుతూనే ఉంటుంది. నూరేళ్ళ కిందట కొట్టిన ప్రతి నాణెం ఈ ఏడు కొత్తగా పురాతనం అవుతుంది. ఇంకొన్నేళ్ళకి మా నానమ్మ మొలతాడుకి కట్టుకున్న 1943 నాటి చిల్లు కాణీ కూడా.

కానీ నన్ను ఆపింది చట్టం ఒక్కటే అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. కోటిలింగాల ఆపింది.

గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల. అక్కడ వానలకి మట్టి కొట్టుకుపోయినప్పుడు నాణేలు తేలేవి. పిల్లలు ఆడుకునేవారు, కొన్ని కరిగిపోయేవి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ వాటిని ఓపికగా పోగుచేశారు. అవి చరిత్రకారుడు పరబ్రహ్మశాస్త్రి చేతికి వెళ్ళాయి. ఆయన చదివితే అప్పటిదాకా ఎవరూ వినని పేర్లు బయటపడ్డాయి. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప. శాతవాహనుల కన్నా ముందు ఆ ఒడ్డున నాణెం వేసిన రాజులు. తరవాత ఛిముకుడి పేరున్న నాణేలు. శాతవాహనుల మొదటి రాజు సిముకుడు అతనే అన్న వాదనతో, వాళ్ళ మొదలు మహారాష్ట్ర వైపా తెలంగాణ వైపా అన్న చర్చ మొత్తం కదిలిపోయింది. 1979 నుంచి అక్కడ పురావస్తు శాఖ తవ్వకాలు జరిగాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ వానాకాలంలో నాలాంటి మేనల్లుడొకడు సింగపూరు నుంచి వచ్చి, ఆ గుప్పెడు బిళ్ళలూ జేబులో వేసుకుని ఇక్కడ మూడో సొరుగులో పెట్టుకుని ఉంటే? ఏనుగు బాగుంది, అక్షరాలు అర్థం కాలేదు, “దక్కను, రాజు తెలియదు” అని షీటులో ఒక వరస. గోబద అనే రాజు మళ్ళీ చనిపోయి ఉండేవాడు. ఆ నాణేలకి విలువ తెచ్చింది లోహం కాదు, బొమ్మ కూడా కాదు. ఏ ఊళ్ళో, ఏ నది ఒడ్డున, వేటి పక్కన దొరికాయో తెలియడం. అది తెలియని నాణెం పేరు చెరిగిపోయిన ఉత్తరం లాంటిది. నా ఆల్బమ్‌లో ఉన్నవన్నీ అలాంటి ఉత్తరాలే.

మర్నాడు మామకి ఫోన్ చేశాను. బిళ్ళల్ని కడగొద్దు, చింతపండు పెట్టి తోమొద్దు, పెంకులు కూడా పారెయ్యొద్దు, గట్టు మీద ఎక్కడ దొరికాయో ఒక కర్ర పాతి ఫొటో తియ్యి అన్నాను. తహసీల్దారుకి ఇద్దాం, కరీంనగర్ మ్యూజియం వాళ్ళకి కూడా రాద్దాం అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. “నీ కోసమే దాసిన గదరా” అన్నాడు. ఆ మాటకి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. “చేను గుంజుకుంటరా?” అని తరవాత అడిగాడు. అసలు భయం అది. పదకొండు బిళ్ళలకి చేను పోదని నేను తెలిసినంతలో చెప్పాను. ఒక వకీలు మిత్రుణ్ణి కూడా మాట్లాడించాను. చివరికి అర్జీ నేనే తెలుగులో టైపు చేసి పంపాను. నా జీవితంలో టైపు చేసిన మొదటి ప్రభుత్వ కాగితం. “పై విషయమును” అని రాయాలా “పై విషయాన్ని” అని రాయాలా అన్న దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయాను. మామ కాగితం ఇచ్చి, రసీదు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. కింద ఒక దండం బొమ్మ.

అది అయ్యాక నా ఆల్బమ్ తెరవడం కొంచెం కష్టంగానే ఉంది. మామకి నీతులు చెప్పి నేను మాత్రం ఎక్కడివో తెలియనివి దాచుకుంటానా? రెండు సాయంత్రాలు కూర్చుని కాగితాలన్నీ తీశాను. శాతవాహన నాణేలు ఏడున్నాయి. వాటిలో 1972కి ముందే దేశం బయట ఉన్నట్టు పాత చీటీ ఉన్నవి రెండే. మిగిలిన అయిదింటికీ అమ్మినవాడి మాట తప్ప ఏమీ లేదు. అమ్మేస్తే నా చేతి మురికి ఇంకొకడి చేతికి రాసినట్టు. అందుకని “ఊరు తెలియనివి” అని ఒక పుట విడిగా పెట్టి అందులో వేశాను. వాటి పక్కన ఇంక చేర్చేది లేదు. అంటే నా సేకరణకి కాలం హద్దు వెతుకుతూ బయలుదేరితే ముందు దొరికింది కాగితం హద్దు. పాత చీటీ లేని భారతీయ నాణెం ఏ శతాబ్దానిదైనా కొనను. ఈ ఒక్క షరతుతో మార్కెట్లో నాకు నచ్చేవాటిలో ముప్పాతిక వంతు ఎగిరిపోయాయి. సొరుగు సమస్య అక్కడే సగం తీరింది.

మరి కాలం? చాలా రోజులు 1061, 1323 మధ్య ఊగాను. ఓరుగల్లు పోయిన ఏడు కాబట్టి 1323 మనసుకి దగ్గరే. కానీ కాకతీయుల నుంచి రాయల వరహాలకీ, వాటి నుంచి గోల్కొండకీ, కంపెనీ పగోడాలకీ బాట ఎక్కడా తెగదు. పెనుగొండ, చంద్రగిరి రాజులు వేసిన వేంకటేశ్వరుడి బొమ్మ కంపెనీ వాళ్ళ నాణెం మీద కూడా నిలబడింది. ఆ బాట మీద ఒకసారి అడుగు పెడితే ఆగేది లేదు. తెగింది ఒక్క చోటే, రాజరాజుకి ముందున్న ఆ మూడున్నర శతాబ్దాల ఖాళీలో. ఆ ఖాళీకి అవతల గట్టు వరకే నా ఆల్బమ్. గట్టు మీద నిలబడ్డవాడు రాజరాజనరేంద్రుడు. ఓరుగల్లు వాళ్ళు క్షమించాలి.

రాజరాజు బంగారు నాణెం నేను కొనగలనా? నా జీతానికి కష్టం. పాత చీటీతో దొరకడం ఇంకా కష్టం. కాబట్టి ఆఖరి గడిలో ఒక అట్టముక్క మాత్రం పెట్టి “శ్రీ రాజరాజ, వేంగి, చెడూబా నిధిలో చూడుము” అని రాసి వదిలేశాను.

ఒక్క మినహాయింపు తీసుకున్నాను, నిజాయితీగా చెప్పేస్తున్నాను. కిందటేడు ఇక్కడి నాణేల ప్రదర్శనలో, పాత ఇంగ్లీషు సేకరణ చీటీతో సహా, ఒక గోల్కొండ రాగి నాణెం కొన్నాను. అబ్దుల్లా కుతుబ్‌షాది, హిజ్రీ 1068, అంటే 1657–58. ఔరంగజేబు గోల్కొండ మీద పడి వెళ్ళిన ఒకటి రెండేళ్ళకి కొట్టింది. దాని మీద రాజు పేరు బదులు ఫారసీ అక్షరాల్లో ఉన్న మాటకి అర్థం, మేలుగా శుభంగా ముగిసింది అని. ఇంకా ముప్పై ఏళ్ళు రాజ్యం ఉంది. అయినా ఆ నాణెం మీద ముగింపు ముందే రాసేసుకున్నారు, 1687 దాకా అదే తారీకుతో కొడుతూ వచ్చారని చెబుతారు.

అది 1061 గీతకి ఆరు వందల ఏళ్ళ అవతల ఉంది. ఆల్బమ్‌లో చోటు లేదు. మా ఆవిడకి ఈ కథంతా చెప్పి, ఈ ఒక్కటి ఎక్కడ పెట్టనూ అని అడిగాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నానమ్మ చిల్లు కాణీ ఉన్న అగ్గిపెట్టెలో పెట్టమంది.

మూడో సొరుగు నాకు సగం ఇచ్చింది. మిగతా సగంలో క్రేయాన్లు.